సీసీఆర్5 తలుపు మూస్తే హెచ్ఐవీ నయమైపోతుందా? జెనీవా కేసు తర్వాత కూడా అదే మాటా?

కణవాది:

హెచ్ఐవీ నయం కావాలంటే సీసీఆర్5 (వైరస్ లోపలికి దూరడానికి తలుపులా వాడుకునే, కణం మీది ప్రోటీన్) లేని దాత మజ్జ దొరకాలి అన్న మాట 2009లో అలాంటి మజ్జతో ఒక రోగి నయమైన బెర్లిన్ నివేదిక వచ్చినప్పటి నుంచి పాఠంలా అప్పజెబుతున్నాం. ఇప్పుడు దాన్ని సవరించుకోవాలని నా వాదన. సీసీఆర్5 లేకపోవడం కాపలా మాత్రమే. వైరస్ దాక్కున్న కణాలను తుడిచిపెట్టింది దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు.

నా ఆధారం రెండు కేసులు, ఇద్దరూ రక్త క్యాన్సర్‌కు మార్పిడి చేయించుకున్న హెచ్ఐవీ రోగులే. జెనీవా రోగికి 2018లో మూలకణ మార్పిడి జరిగింది. దాతలో సీసీఆర్5 జన్యువు రెండు ప్రతులూ మామూలువే. 2021 నవంబరులో ఏఆర్‌టీ (వైరస్‌ను అణిచే రోజువారీ మందులు) ఆపారు. 2024లో వ్యాసం అచ్చయ్యే నాటికి 32 నెలల లెక్క చూపించారు, వైరస్ తిరిగి రాలేదు. రెండో బెర్లిన్ రోగికి 2015లో మార్పిడి. ఆ దాతలో సీసీఆర్5 జన్యువును చెడగొట్టే డెల్టా32 లోపం ఒక్క ప్రతిలోనే ఉంది, అంటే కొత్త కణాల మీద సీసీఆర్5 తగ్గుతుంది గాని పోదు. ఆయన 2018లో మందులు ఆపారు. 2024 జులైలో మ్యూనిక్ సదస్సులో ఆ సంగతి చెప్పేసరికి ఐదేళ్లు దాటింది.

ఇంకోవైపు ఎస్సెన్ రోగిని చూడండి. డెల్టా32 రెండు ప్రతులూ ఉన్న దాతే. అయినా మార్పిడి జరిగిన మూడు వారాలకు వైరస్ తిరిగొచ్చింది. తలుపు తెరిచి ఉన్నచోట నయమైంది, మూసి ఉన్నచోట కాలేదు. ఇక తలుపే అసలు కారణం అని ఎలా అంటాం?

వీ3 లూపు:

కణవాది గారూ, బోస్టన్ రోగులిద్దరినీ మీరు లెక్కలో వదిలేశారు. వాళ్లకూ మామూలు సీసీఆర్5 ఉన్న దాతలే. కొత్త మజ్జ కుదురుకునే దాకా ఏఆర్‌టీ ఒక్కరోజు కూడా ఆపలేదు. రక్తంలో ప్రోవైరల్ డీఎన్ఏ (కణాల డీఎన్ఏలో కలిసిపోయిన వైరస్ ప్రతి) కనిపించడమే మానేసింది. అంతా అయిపోయిందనుకుని మందులు ఆపితే ఒకరికి 12 వారాలకు, ఇంకొకరికి 32 వారాలకు వైరస్ తిరిగొచ్చింది. దాత కణాలు రోగి పాత కణాలను దాదాపు పూర్తిగా తినేసిన తర్వాత కూడా ఇలా జరిగిందంటే, మిగిలిన పిడికెడు కణాలకు తెరిచి ఉన్న తలుపులు దొరికాయనే అర్థం.

ఎస్సెన్ కేసు మీ వాదనకు పనికిరాదు. అక్కడ తిరిగొచ్చిన వైరస్ సీసీఆర్5 మీద ఆధారపడేది కాదు, సీఎక్స్‌సీఆర్4 అనే మరో తలుపు వాడే ఎక్స్4 రకం. మార్పిడికి ముందు తీసిన నమూనాల్లోనే దాని ఆనవాళ్లు ఉన్నాయి. పైగా ఏఆర్‌టీని మార్పిడికి వారం ముందే ఆపేశారు. ఒక తలుపు మూసి పక్కదాన్ని బార్లా తెరిచి, తలుపు మూయడం పనిచేయలేదు అంటే ఎలా?

కొత్త పాఠకుడు:

అడ్డు తగులుతున్నందుకు ఏమనుకోకండి. హెచ్ఐవీ సీడీ4 కణాలను పట్టుకుంటుందని చదువుకున్నాం. మరి ఈ సీసీఆర్5 ఎక్కడిది? సీడీ4 ఉంటే చాలదా? చాలకపోతే ఆ సీడీ4నే మూసేయొచ్చు కదా?

వీ3 లూపు:

అడగాల్సిన ప్రశ్నే. సీడీ4 వైరస్‌కు గ్రాహకం అని 1984లోనే తేలింది. కానీ ఎలుక కణాల మీద మనిషి సీడీ4 పెట్టి చూస్తే వైరస్ వచ్చి అతుక్కుంది గాని లోపలికి పోలేదు. రెండోది ఏదో కావాలని అప్పుడే అర్థమైంది. అది దొరకడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1995 చివర్లో రాంటెస్, ఎంఐపీ-1 ఆల్ఫా, ఎంఐపీ-1 బీటా అనే కీమోకైన్‌లు (కణాలను పిలిచే సంకేత ప్రోటీన్లు) వైరస్‌ను అడ్డుకుంటాయని తెలిసింది. 1996లో మొదట సీఎక్స్‌సీఆర్4, వెంటనే సీసీఆర్5 బయటపడ్డాయి. ఆ మూడు కీమోకైన్‌లూ కూర్చునే చోటు సీసీఆర్5.

ప్రవేశం ఇలా జరుగుతుంది. వైరస్ పైపొర మీద ముళ్లు చాలా తక్కువ, ఒక్కో వైరస్‌కు పది పదిహేను లోపే. ఒక్కో ముల్లులో మూడు జీపీ120 ప్రోటీన్లు, మూడు జీపీ41 ప్రోటీన్లు. జీపీ120లో ఒక గుంట ఉంది. సీడీ4 మొదటి భాగంలోని 43వ స్థానపు అమైనో ఆమ్లం ఫినైల్‌అలనైన్ సరిగ్గా అందులో దిగుతుంది. అది దిగగానే జీపీ120 ఆకారం మారి, లోపల ముడుచుకుని ఉన్న వీ3 లూపు బయటికొస్తుంది. ఆ లూపు మొదలు సీసీఆర్5 తోక చివర సల్ఫేట్ తగిలించుకున్న టైరోసిన్‌లను పట్టుకుంటుంది, కొన సీసీఆర్5 రెండో బయటి మలుపును తాకుతుంది. అప్పుడు జీపీ41 బాణంలా విచ్చుకుని తన కొనను కణం పొరలో గుచ్చుతుంది. ఆ తర్వాత వెనక్కి మడుచుకుని ఆరు పేటల కట్ట అవుతుంది. ఆ మడత లాగే బలానికి రెండు పొరలూ కలిసిపోతాయి.

సీడీ4 పని తాళం తిప్పడం, తలుపు తీసేది సీసీఆర్5. వీ3 లూపును మొదట దాచుకుని సీడీ4 తగిలాకే బయటపెట్టడం వైరస్‌కు లాభం. మన ప్రతిరక్షకాలకు ఆ సున్నితమైన భాగం కనిపించే వ్యవధి చాలా తక్కువ.

సీడీ4ను పూర్తిగా తీసేయలేం, సహాయక టీ కణం పనే ఆగిపోతుంది. అయితే ఐబలిజుమాబ్ అనే ప్రతిరక్షకం, 2018లో అనుమతి వచ్చింది, సీడీ4 రెండో భాగం మీద కూర్చుంటుంది. జీపీ120 అతుక్కోవడాన్ని అది ఆపదు, అతుక్కున్నాక జరగాల్సిన ఆకార మార్పును ఆపుతుంది. సీడీ4 అసలు పనికి అవసరమైన చోటు మొదటి భాగం వైపు ఉంది కాబట్టి ఆ పని చెడదు. మొదట 2000 మిల్లీగ్రాములు, ఆపైన 14 రోజులకోసారి 800 మిల్లీగ్రాములు సిరలోకి ఎక్కిస్తారు. ఇది మిగతా మందులన్నీ విఫలమైనవారికి.

సీసీఆర్5ను తీసేసినా మనిషి మామూలుగానే బతుకుతాడు. ఉత్తర యూరప్‌లో దాదాపు నూటికి ఒకరు పుట్టుకతోనే అది లేకుండా ఉన్నారు. జన్యువులో 32 అక్షరాలు ఊడిపోయి, ప్రోటీన్ సగంలో ఆగిపోయి, కణం ఉపరితలానికి చేరనే చేరదు. వెస్ట్ నైల్ వైరస్ సోకితే వాళ్లలో జబ్బు లక్షణాలు బయటపడే ముప్పు ఎక్కువ, అంచేత ఖర్చు లేని లోపం అనలేం. అయినా అందరి చూపూ సీసీఆర్5 మీద పడింది అందుకే.

ల్యాబ్ బల్ల:

సీసీఆర్5 వాడే వైరస్‌ను ఆర్5, సీఎక్స్‌సీఆర్4 వాడేదాన్ని ఎక్స్4 అని రాసేస్తున్నాం గాని, ఫలానా రోగిలో ఉన్నది ఏదో ఎలా తేల్చారన్నది చూడకుండా ఈ వాదన తెగదు.

మొదటి బెర్లిన్ రోగి టిమోతీ రే బ్రౌన్ కేసునే తీసుకోండి. మార్పిడికి ముందు నమూనాలో 2.9 శాతం వైరస్ ఎక్స్4 అని వీ3 క్రమం చూసి లెక్కగట్టారు. అదే నిజమైతే ఎస్సెన్‌లో జరిగిందే ఆయనకూ జరగాలి. జరగలేదు. చాలా ఏళ్లు అదో చిక్కుముడి. తర్వాత ఆ క్రమాలతోనే వైరస్‌లు తయారుచేసి కణాల మీద పరీక్షిస్తే, అవి సీసీఆర్5 లేకుండా పెరగలేకపోయాయి. లెక్క ఎక్స్4 అంది, కణం కాదంది.

క్రమం చూసి చెప్పే పద్ధతిలో వీ3 లూపులోని 35 అమైనో ఆమ్లాలు చూస్తారు. 11వ లేదా 25వ స్థానంలో ఆర్జినిన్ గాని లైసిన్ గాని ఉంటే, లూపు మొత్తం ధనావేశం 5 గాని పైన గాని ఉంటే ఎక్స్4 అని అనుమానం. కంప్యూటర్ లెక్క ఒక తప్పుడు-పాజిటివ్ శాతం (ఆర్5ను ఎక్స్4 అని పొరబడే అవకాశం) ఇస్తుంది. యూరప్ మార్గదర్శకాల్లో 10 శాతం గీత గీసి, అంతకంటే తక్కువ వస్తే సీసీఆర్5ను మూసే మందు మారావిరాక్ వద్దంటారు. నమూనాను మూడుసార్లు విడివిడిగా పీసీఆర్ చేయాలి, ఒక్కసారి చేసి వదిలేస్తే చిన్న వాటాలో ఉన్న ఎక్స్4 తప్పిపోతుంది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ప్రతుల లెక్క) తక్కువైతే ఇంకా ఘోరం. పదిహేను ప్రతుల నుంచి పెంచిన క్రమం లక్ష వైరస్‌లకు ప్రతినిధి కాలేదు.

కణాల మీద చేసే పరీక్షకు ల్యాబ్‌లో పెంచే యూ87 కణాలు రెండు జట్లు కావాలి. రెండింటిలో సీడీ4 ఉంటుంది, ఒకదాంట్లో సీసీఆర్5, రెండోదాంట్లో సీఎక్స్‌సీఆర్4. అవి లేనివాళ్లు సీడీ4తో పాటు రెండు తలుపులూ ఉన్న టీజెడ్ఎం-బీఎల్ కణాలతో కానిచ్చేస్తారు. 96 గుంటల పళ్లెంలో గుంటకు 10,000 కణాలు వేసి, మందుతో గంటసేపు 37 డిగ్రీల దగ్గర ఉంచి, వైరస్ పోసి, 48 గంటలకు లూసిఫెరేజ్ వెలుగు (వైరస్ దూరిన కణాల్లో వచ్చేది) కొలుస్తారు. ఒక వరుసలో మారావిరాక్, ఒక వరుసలో సీఎక్స్‌సీఆర్4ను మూసే ప్లెరిక్సాఫార్, ఒక వరుసలో రెండూ, ఒకటి ఖాళీ. రెండూ కలిపిన వరుసలో కూడా వెలుగు తగ్గకపోతే అది ప్రవేశం కాదు, మీ ప్రయోగంలో ఏదో చెడింది. ముందు దాని సంగతి చూడాలి.

టీజెడ్ఎం-బీఎల్‌తో ముఖ్యమైన ఇబ్బంది, వాటి మీద సీసీఆర్5 విపరీతంగా ఉంటుంది. రక్తంలోని టీ కణం మీద అంత ఉండదు. తడబడుతూ పట్టుకునే వైరస్ కూడా అక్కడ సునాయాసంగా దూరిపోతుంది, మనమేమో బలమైన ఆర్5 అని రాసుకుంటాం. పైగా ఈ కణాలకు ఎలుక ల్యుకేమియా వైరస్ అంటుకుని ఉందని 2008లో బయటపడింది. ఆ సంగతి తెలియకుండా రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (రెండు వైరస్‌లకూ ఉండే ఎంజైమ్) కొలిస్తే అంకె ఎవరిదో తెలియదు.

కొత్తవాళ్లకు ఇంకో మాట. పాత వ్యాసాల్లో ఆర్5 వైరస్‌ను మాక్రోఫేజ్‌లకు (క్రిములను మింగే రక్షక కణాలకు) సోకేది అని రాసేవారు. అది పొరపాటు. మాక్రోఫేజ్ మీద సీడీ4 చాలా తక్కువ. ఆ కొంచెం సీడీ4తో సర్దుకోగలిగిన వైరస్‌లే అందులోకి పోతాయి. ఆర్5 వైరస్‌లలో చాలా వాటికి అది చేతకాదు. ఏ తలుపు అన్నదీ, తాళం తిప్పడానికి ఎంత సీడీ4 కావాలన్నదీ విడివిడి ప్రశ్నలు.

జన్యుకత్తెర:

మజ్జ మార్పిడి లెక్కలు పక్కన పెడితే, దాత అవసరం లేకుండా రోగి కణాల్లోనే సీసీఆర్5 కత్తిరించే ప్రయత్నాలు జరిగాయి. ఈ ప్రశ్నకు నిక్కమైన పరీక్ష అక్కడే ఉందని నా అభిప్రాయం. అందులో దాత కణాల దాడి ఉండదు, తలుపు మూత ఒక్కటే ఉంటుంది.

2014లో జింక్ ఫింగర్ న్యూక్లియేజ్ అనే జన్యువును కోసే ప్రోటీన్‌తో సవరించిన టీ కణాలు 12 మందికి ఎక్కించారు, ఒక్కొక్కరికి వెయ్యి కోట్ల కణాలు. వాటిలో సవరణ జరిగినవి 11 నుంచి 28 శాతం. కొందరికి మందులు తాత్కాలికంగా ఆపితే మామూలు సీడీ4 కణాలు ఘన మిల్లీమీటరుకు రోజుకు 7.25 చొప్పున తగ్గాయి, సవరించినవి 1.81 చొప్పునే తగ్గాయి. తలుపు మూస్తే కణం బతుకుతుందని చెప్పడానికి ఇది చాలు. మనిషి నయమవుతాడని చెప్పడానికి చాలదు, దాదాపు అందరిలో వైరస్ తిరిగొచ్చింది. ఒకాయనలో మళ్లీ కనిపించకుండా పోయింది. ఆయనకు పుట్టుకతోనే ఒక ప్రతి డెల్టా32 అని తర్వాత తెలిసింది.

ఆ ఒక్కటి ఎందుకంత తేడా తెచ్చింది? కత్తెర పది ప్రతుల్లో మూడింటిని కోసిందనుకోండి. రెండు ప్రతులూ స్వతంత్రంగా తెగితే రెండూ తెగిన కణాలు నూటికి 9 మాత్రమే. ఒక ప్రతి ముందే చెడి ఉన్న మనిషిలో అదే కత్తెరతో నూటికి 30 కణాలు పూర్తిగా మూసుకుంటాయి. సవరణ శాతం చెప్పేవాళ్లను, ప్రతుల శాతమా, రెండూ తెగిన కణాల శాతమా అని అడగాల్సింది ఇందుకే.

2019లో బీజింగ్ నుంచి క్రిస్పర్ అనే ఇంకో జన్యు కత్తెరతో మూలకణాలు సవరించి ల్యుకేమియా, హెచ్ఐవీ రెండూ ఉన్న ఒకరికి ఎక్కించిన నివేదిక వచ్చింది. మజ్జ నిలిచింది, ల్యుకేమియా తగ్గింది. సవరణ నిలిచింది 5.2 నుంచి 8.28 శాతం మధ్య. మందులు ఆపితే వైరస్ వచ్చేసింది. నూరు తలుపుల్లో ఎనిమిది మూస్తే వచ్చే ఫలితం అదే.

కొలతలో జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. సీడీ3/సీడీ28 పూసలతో టీ కణాలను పెంచితే సీసీఆర్5 దానంతటదే అణిగిపోతుంది. ఆ రోజుల్లో ఫ్లో సైటోమెట్రీ (కణం మీది ప్రోటీన్లను కొలిచే పరీక్ష) పెట్టి, చూడండి సీసీఆర్5 పోయింది అనడం తప్పు. పోయింది జన్యువు కాదు, దాని వాడకం. కోసిన చోట డీఎన్ఏ క్రమం చదివితేనే నిజం తెలుస్తుంది. ఉపరితలం చూడాల్సి వస్తే పీహెచ్ఏ, ఐఎల్-2 అనే వేరే ప్రేరేపకాలతో పెంచిన కణాల్లో చూడాలి, సవరించని కణాలను పక్కనే పోలికకు పెట్టుకోవాలి.

కణవాది:

జన్యుకత్తెర గారి లెక్క నా వాదననే బలపరుస్తోంది. తలుపు మూసిన కణాలు బతికాయి, కణాల్లో దాగిన వైరస్ నిల్వ మాత్రం చెక్కుచెదరలేదు. నిల్వను కదిల్చింది దాత కణాల దాడే. ఎస్ఐవీ (హెచ్ఐవీ లాంటి కోతుల వైరస్) ఉన్న కోతులకు మామూలు సీసీఆర్5 ఉన్న దాతల నుంచి చేసిన మార్పిడుల్లో కొన్ని కోతులకు వైరస్ పూర్తిగా పోయిందని 2023లో వచ్చింది. ముందు రక్తంలో, తర్వాత చేతులు, గజ్జల దగ్గరి శోషరస గ్రంథుల్లో, చివరగా పేగుల దగ్గరి గ్రంథుల్లో నిల్వ ఖాళీ అయింది.

బోస్టన్ గురించి వీ3 లూపు గారు చెప్పింది ఒప్పుకుంటాను. మరి బోస్టన్‌లో తిరిగొచ్చిన వైరస్ జెనీవాలో ఎందుకు రాలేదు? దాత కణాలు రోగి ఒంటిని తిప్పికొట్టే జబ్బుకు జెనీవా రోగి రక్సోలిటినిబ్ వాడుతూ వచ్చారు. ఆ మందు టీ కణాలను అణిచి, దాగిన వైరస్ మేల్కోకుండా చూస్తుందని ఒక వాదన ఉంది. అంటే ఆయన నయమయ్యారా, వైరస్ నిద్రపోతోందా అన్న అనుమానానికి చోటుంది. నా వాదనలో బలహీనమైన చోటు ఇదే, దాచను.

వీ3 లూపు:

మీరు అంత దూరం వచ్చారు కాబట్టి నేనూ ఒక అడుగు వేస్తాను. సీసీఆర్5 లేకపోవడమే కారణం అన్న నా మొదటి ధోరణి ఎక్కువే. ఇలా అంటాను: దాత కణాలు నిల్వను తగ్గిస్తాయి, ఆ పని ఏ రోజు పూర్తవుతుందో కొలిచే సాధనం మన దగ్గర లేదు. బోస్టన్‌లో రక్తం పరీక్షలన్నీ పూర్తయిందనే చెప్పాయి, తప్పని తేలింది. సీసీఆర్5 లేని కణాలు ఆ కొలత తప్పినా కాచుకుంటాయి. బ్రౌన్ మార్పిడి రోజునే మందులు ఆపేసి నిలదొక్కుకున్నారు. మామూలు దాతతో అలా ఆపే ధైర్యం ఎవరూ చేయరు.

ఇక సీఎక్స్‌సీఆర్4ను కూడా కత్తిరిస్తే ఎస్సెన్ లాంటిది జరగదు కదా అని ఎవరైనా అడగొచ్చు. మూలకణాల్లో అది కుదరదు. అవి మజ్జలో నిలబడేదే సీఎక్స్‌సీఆర్4 పట్టుతో. మార్పిడికి ముందు ప్లెరిక్సాఫార్ ఇచ్చేది ఆ పట్టు విడిపించి మూలకణాలను రక్తంలోకి రప్పించడానికే. అందుకే కొందరు సీసీఆర్5 అణచివేతకు తోడుగా కణం పొర మీద సీ46 అనే పెప్టైడ్ నిలబెడుతున్నారు. జీపీ41 మడత పడకుండా అది అడ్డుకుంటుంది కాబట్టి వైరస్ ఏ తలుపు దగ్గరకొచ్చినా ఒకటే.

ఓపీ గది:

ఈ చర్చను మందులు వాడుతున్నవాళ్లూ చదువుతారు, వాళ్ల కోసం ముందు ఒక మాట. పైన చెప్పిన మార్పిడులన్నీ రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లకు చేసినవి. మార్పిడిలోనే ప్రాణాపాయం ఉంది. హెచ్ఐవీ ఒక్కటే ఉన్న మనిషికి దీన్ని ఎవరూ చేయరు, చేయకూడదు. ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే టీఎల్‌డీ మాత్ర, టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకొకటి మానకుండా వేసుకుంటే చాలామందిలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గుతుంది. ఇక్కడ చదివింది చూసి ఎవరూ ఒక్క పూట కూడా ఆపి చూడొద్దు.

మన దగ్గర ఈ వాదన వేరే రూపంలో నడవాలి. భారతదేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్ఐవీ ఉపరకాల్లో సబ్‌టైప్ సీ. అది జబ్బు ముదిరినా చాలావరకు సీసీఆర్5నే వాడుతుంది. యూరప్, అమెరికాల్లోని సబ్‌టైప్ బీలో చివరి దశలో సగం మందిలో ఎక్స్4 కనిపిస్తుంది. ఆ లెక్కన సీసీఆర్5ను మూసే వ్యూహం మన వైరస్‌కే బాగా సరిపోవాలి. కానీ డెల్టా32 మన జనంలో చాలా అరుదు, రెండు ప్రతులూ ఉన్న దాతను, అదీ హెచ్ఎల్ఏ (మార్పిడికి సరిపోలాల్సిన కణజాల గుర్తులు) కలిసేవాణ్ని, తెలుగు కుటుంబం వెతికి పట్టుకోవడం ఆచరణలో కుదరదు. మామూలు దాతతో నయమైన జెనీవా కేసు మనకు యూరప్‌కన్నా ఎక్కువ ముఖ్యం.

మారావిరాక్ గురించి ఒకటి. సీసీఆర్5 పొరలోని గుంటలో కూర్చుని దాని ఆకారం మార్చే మందు, 2007లో వచ్చింది. మామూలుగా 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. రిటొనావిర్ లాంటి బలమైన సీవైపీ3ఏ (మందును విరగ్గొట్టే ఎంజైమ్) నిరోధకంతో ఇస్తే 150కి తగ్గించాలి. ఎఫావిరెంజ్ లాంటి, ఆ ఎంజైమ్‌ను పెంచే ప్రేరకంతో, నిరోధకం లేకుండా ఇస్తే 600కి పెంచాలి. తెలియక పొరపాటు చేసేది ఇక్కడే. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా ప్రేరకమే, మన రోగుల్లో క్షయ ఎక్కువ కాబట్టి దీన్ని మర్చిపోకూడదు.

జన్యుకత్తెర:

ఓపీ గది గారూ, మారావిరాక్ విఫలమయ్యే తీరు చాలామందికి తెలియదు, ఒక ముక్క కలుపుతాను. ఎక్కువసార్లు జరిగేది, ముందే దాగి ఉన్న ఎక్స్4 పైకి రావడం. రెండోది, మందు కూర్చున్న సీసీఆర్5నే వాడటం వైరస్ నేర్చుకోవడం. ఈ రెండోదాంట్లో ఐసీ50 (వైరస్‌ను సగానికి ఆపే మందు మోతాదు) చూస్తే తేడా తెలియదు. మందు ఎంత పెంచినా నిరోధం 95 శాతం చేరకుండా 70 దగ్గరో 80 దగ్గరో చదునుగా ఆగిపోతుంది. గ్రాఫు కుడి చివర చూడాలి.

ల్యాబ్ బల్ల:

సబ్‌టైప్ సీ దాదాపు అంతా ఆర్5 అన్న మాటకు ఒక షరతు. క్రమం చూసి చెప్పే సూత్రాలు ఎక్కువగా సబ్‌టైప్ బీ వైరస్‌ల మీద తయారైనవి. బీ వైరస్ వీ3 కొనలో గ్లైసిన్-ప్రోలిన్-గ్లైసిన్-ఆర్జినిన్ ఉంటుంది, సీలో చివరిది గ్లుటమిన్. సీ వైరస్ ఎక్స్4గా మారినప్పుడు తరచు ఆ కొనే మారుతుంది, లేదా 13, 14 స్థానాల దగ్గర ఒకటి రెండు అమైనో ఆమ్లాలు అదనంగా చేరతాయి. అలా చేరితే ఆ తర్వాతి లెక్కంతా జరిగిపోయి, సరిచేయకుండా 25వ స్థానం చూసినవాడు అసలు 24నో 23నో చూస్తాడు. క్రమాన్ని ముందు చేత్తో సరిదిద్దుకుని, అప్పుడు 11, 25 చూడాలి.

ఓపీ గది:

మందులతో వైరల్ లోడ్ కనిపించని రోగిలో ఆ క్రమం తీయడానికి ప్లాస్మాలో వైరస్ ఉండదు కదా. అప్పుడు కణాల్లోని ప్రోవైరల్ డీఎన్ఏ నుంచే వీ3 చదవాలి?

ల్యాబ్ బల్ల:

అవునండీ. కాకపోతే ఆ డీఎన్ఏలో చాలా భాగం చచ్చుపడిన ప్రతులు. వాటిలో జీ అక్షరం ఏగా మారిపోయిన చోట్లు గుంపులుగా, మధ్యలో ఆగిపోయే సంకేతాలు కనిపిస్తాయి. ముందు వాటిని ఏరి పారేయాలి, లేకపోతే ఎప్పటికీ లేవని వైరస్‌ను ఎక్స్4 అని లెక్కేసి రోగికి పనికొచ్చే మందును దూరం చేస్తాం. ఏరగా మిగిలినవాటిని మూడు విడి పీసీఆర్‌లలోనూ పోల్చండి. ఒక్కదాంట్లో ఎక్స్4 తేలినా యూ87 జట్ల మీద నిర్ధారించేదాకా మారావిరాక్ రాయకండి.